ఎలక్ట్రిక్ పికప్ కొన్నారా? ముందు గ్యారేజ్ వైరింగ్, ఆ తర్వాతే బండికి సోకులు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈమధ్య ఎలక్ట్రిక్ పికప్‌లు కొంటున్నారు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌లు. కొన్న వారంలోపే ఫోన్ వస్తుంది, "అన్నా, వెనక సామాను తొట్టికి ఏ బెడ్ కవర్ మంచిది, ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ వేయించమంటావా, లైట్ బార్ పెట్టించుకోవచ్చా" అని. ఇంట్లో ఛార్జింగ్ ఎలా పెట్టుకోవాలని మాత్రం ఎవరూ అడగరు. చేతిలో వెయ్యి డాలర్లుంటే ముందు గ్యారేజ్ గోడ మీద ఖర్చు పెట్టండి, మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు.

ఇక్కడ మామూలు గోడ ప్లగ్ 120 వోల్టులే, ఇండియాలోలా 230 కాదు. దానికి తగిలించి 12 గంటలు ఉంచినా 30 మైళ్లు ఎక్కితే గొప్ప. లైట్నింగ్ పెద్ద బ్యాటరీ 131 కిలోవాట్ అవర్లు, అది ఖాళీ అయితే ఈ ప్లగ్‌తో నిండటానికి నాలుగు రోజులు పైనే పడుతుంది. కాబట్టి 240 వోల్టుల లైన్ కావాల్సిందే. బండితో వచ్చే, వెంట తీసుకెళ్లగలిగే మొబైల్ ఛార్జర్‌నే నీమా 14-50 అనే పెద్ద ప్లగ్‌కి పెడితే 30 ఆంప్స్ లాగుతుంది, రాత్రి పడుకుని లేచేసరికి వంద మైళ్ల పైన ఎక్కుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చేవాళ్లకి ఇది చాలు. ఫోర్డ్ అమ్మిన 80 ఆంప్స్ గోడ ఛార్జర్ పెట్టె కొన్ని వాడిన బండ్లతో పాటు దొరుకుతుంది, దానికి పూర్తి సామర్థ్యంతో పనిచేయాలంటే 100 ఆంప్స్ బ్రేకర్ కావాలి. ఇంటి కరెంటు ప్యానెల్ మొత్తం 200 ఆంప్స్ ఉండి, రెండు ఏసీలు, ఎలక్ట్రిక్ స్టవ్, డ్రయ్యర్ అన్నీ దాని మీదే నడుస్తుంటే, ఎలక్ట్రీషియన్‌తో లోడ్ లెక్క వేయించకుండా దాని జోలికి పోవద్దు.

ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. గంటల తరబడి ఆగకుండా లాగే లోడ్ బ్రేకర్ సైజులో 80 శాతం దాటకూడదు. 40 ఆంప్స్ ఛార్జర్‌కి 50 బ్రేకర్, 48కి 60. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చేసే పని ఒకటి చూస్తుంటే నాకు భయమేస్తుంది: బట్టల డ్రయ్యర్ ప్లగ్‌కి ఆన్‌లైన్‌లో దొరికే చవక అడాప్టర్ తగిలించి ట్రక్ ఛార్జర్ పెట్టేస్తారు. డ్రయ్యర్ లైన్‌కి ఉండేది 30 ఆంప్స్ బ్రేకర్, అంటే దాని మీద లాగాల్సింది 24. ఆ ఛార్జర్‌కి అవతల ఉన్నది డ్రయ్యర్ ప్లగ్ అని తెలియదు, పూర్తి 30 లాగుతూనే ఉంటుంది, అదీ రాత్రంతా, ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా. డ్రయ్యర్ ప్లగ్గే వాడక తప్పదనుకుంటే దాని కోసమే తయారై, తనంతట తను 24కి తగ్గించుకునే ఛార్జర్ కొనుక్కోండి.

సొంతిల్లయితే ప్లగ్ లేకుండా నేరుగా గోడలోకి వైర్ కలిపే పద్ధతే నేను చెబుతాను. ప్లగ్ పెడితే ఇప్పటి ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే షాక్ కొట్టకుండా ఆపేసేది) పెట్టాలి, అది ఒక్కోసారి ఏ కారణం లేకుండా అర్ధరాత్రి పడిపోతుంది, పొద్దున్న చూస్తే ఛార్జ్ ఎక్కి ఉండదు. అయినా ప్లగ్గే కావాలంటే హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే పది డాలర్ల సాకెట్ వద్దు. అది డ్రయ్యర్‌కి, స్టవ్‌కి సరిపోయేది, రోజూ గంటల తరబడి కరెంటు లాగితే వేడెక్కి కరిగిపోతుంది. ఇండస్ట్రియల్ గ్రేడ్ సాకెట్ కాస్త ఖరీదే, అయినా అదే పెట్టించండి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, సిటీ పర్మిట్ రెండూ ఉండాలి. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేది ఆ కాగితాలే. ఛార్జర్ ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా వెయ్యి డాలర్లు, ఫెడరల్ పన్ను క్రెడిట్ వస్తుందని చెబుతారు. అది 2026 జూన్ 30లోపు పెట్టించినవాటికే, అదీ కొన్ని ప్రాంతాల్లోని ఇళ్లకే. బండి మీద ఇచ్చే 7,500 డాలర్ల క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తోనే ముగిసింది. పైగా టెక్సాస్‌లో ఎలక్ట్రిక్ బండికి ఏటా రిజిస్ట్రేషన్‌తో పాటు అదనంగా 200 డాలర్లు, కొత్త బండికైతే మొదట్లోనే 400 కట్టాలి, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఊరు దాటి వెళ్లేవాళ్లకి, టెస్లా ప్లగ్ మన బండికి పట్టేలా చేసే అడాప్టర్ అవసరం. 2024 ఫిబ్రవరి నుంచి ఫోర్డ్ బండ్లు టెస్లా సూపర్‌ఛార్జర్లు వాడుకోవచ్చు, కానీ పాత తరం స్టేషన్లు పనిచేయవు, ఫోర్డ్ యాప్‌లో కనిపించేవాటికే వెళ్లండి. సూపర్‌ఛార్జర్‌కి వాడేది డీసీ అడాప్టర్, హోటళ్లలో ఉండే టెస్లా గోడ ఛార్జర్లకి కావాల్సింది ఏసీ అడాప్టర్. రెండూ వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. ఊరూపేరూ లేని కంపెనీవి, కేబుల్ పొడిగించే ఎక్స్‌టెన్షన్లు అసలు కొనొద్దు. ఇంకో సంగతి, టెస్లాకి ఛార్జింగ్ మూత వెనక ఎడమవైపు ఉంటుంది, లైట్నింగ్‌కి డ్రైవర్ వైపు ముందు ఫెండర్ మీద ఉంటుంది. ఆ స్టేషన్ల కేబుల్ పొట్టిది కాబట్టి పక్క స్టాల్‌లోకి కూడా వెళ్లి నిలపాల్సి వస్తుంది. రద్దీ ఉంటే చివరి స్టాల్ చూసుకోండి, పక్కవాళ్లతో గొడవ ఉండదు. 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, హ్యూస్టన్ వెళ్లేటప్పుడు వంద శాతం నిండేదాకా కూర్చోవడం కంటే మధ్యలో రెండుసార్లు ఆగడమే త్వరగా అవుతుంది.

ఇక యాక్సెసరీస్. నాలుగు వైపులా అంచులున్న రబ్బరు ఫ్లోర్ మ్యాట్లు, బెడ్‌కి స్ప్రే లైనర్, చుట్టి పెట్టుకునే సాఫ్ట్ కవర్, సామాను బిగించి కట్టే రాచెట్ పట్టీలు రెండు జతలు, ఇవి చాలు. తాడుతో ముడి వేసి సోఫా తెచ్చే అలవాటు ఇక్కడ హైవే మీద ప్రమాదం. బెడ్ పొడవు ఐదున్నర అడుగులే కాబట్టి పరుపు వెనక్కి పొడుచుకొస్తుంది, నాలుగడుగులు దాటితే టెక్సాస్‌లో ఎర్ర జెండా కట్టాలి. లిఫ్ట్ కిట్, బండగా కనిపించే ఆల్ టెరెయిన్ టైర్లు, పైన రాక్, ఇవన్నీ గాలిని అడ్డుకుని, రోడ్డుని గట్టిగా పట్టుకుని రేంజ్, అంటే ఒక్క ఛార్జ్‌తో వెళ్లే దూరాన్ని తినేస్తాయి. ట్రైలర్ లాగితే రేంజ్ దాదాపు సగమవుతుందని కూడా ముందే తెలుసుకోండి. బయట కొన్న సామాను పెడితే వారంటీ పోతుందని డీలర్ బెదిరిస్తే కంగారుపడొద్దు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆ సామాను వల్లే చెడిపోయిందని వాళ్లు చూపించాలి.

నాకు ఈ బండిలో అన్నిటికంటే నచ్చేది బండి బ్యాటరీతోనే ఇంటి సామాను నడపగలిగే దాని కరెంటు ప్లగ్గులు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సాస్ ఇళ్లల్లో రోజుల తరబడి చీకట్లో, చలిలో గడిపినవాళ్లని అడగండి, ఫ్రిజ్, వైఫై, ఒక హీటర్ నడిస్తే ఎంత ధైర్యమో చెబుతారు. 9.6 కిలోవాట్ల ఆప్షన్ ఉన్న బండి దొరికితే వదలొద్దు. లావుపాటి 12 గేజ్ ఎక్స్‌టెన్షన్ తీగ ఒకటి కొని పెట్టుకోండి. రెండు చివరలా పిన్నులున్న కేబుల్‌తో ఇంటి ప్లగ్‌లోకి కరెంటు ఎక్కించే పని మాత్రం చచ్చినా చేయకండి, వీధిలో లైన్ బాగుచేస్తున్న మనిషి ప్రాణం పోతుంది. ఇల్లంతా నడపాలంటే ఇంటిని వీధి లైన్ నుంచి విడదీసే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించుకోవాలి.

ఇండియా వెళ్లి నెల, రెండు నెలలు బండి వదిలేసేవాళ్లు బండిని నడిపే పెద్ద బ్యాటరీ ఛార్జ్ సగం దగ్గర ఉంచి వెళ్లండి. డ్యాష్‌క్యామ్ వైరు పీకేసి మరీ వెళ్లండి. బండి తలుపులు, కంప్యూటర్ అన్నీ నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే, దాన్ని క్యామెరా తాగేస్తే పెద్ద బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉన్నా, రాత్రి విమానం దిగి సామానుతో ఇంటికొచ్చాక బండి స్టార్ట్ అవదు.