ప్రజెంటేషన్ అంటే టెన్షన్: తగ్గేదెలా?

స్లైడ్లన్నీ సిద్ధంగా ఉన్నా నలుగురి ముందు నిలబడగానే గొంతు తడారిపోతుంది, ఏం చేయాలన్నది ప్రశ్న.

గుండె దడ, చేతుల వణుకు అడ్రినలిన్ అనే హార్మోన్ పని. దాన్ని బలవంతంగా అణచనక్కర్లేదు. 2014లో హార్వర్డ్‌కు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన అధ్యయనంలో, "ప్రశాంతంగా ఉన్నాను" అని చెప్పుకున్నవాళ్ల కంటే "ఉత్సాహంగా ఉన్నాను" అని పైకి చెప్పుకున్నవాళ్లే బాగా మాట్లాడారు.

తయారీకొస్తే, ముందు స్లైడ్లు తెరవకండి. విన్నవాళ్లకు ఏం గుర్తుండాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. దానికి పనికిరాని స్లైడు ఎంత అందంగా ఉన్నా తీసేయండి. అమెరికన్ రచయిత, పెట్టుబడిదారు గై కవాసాకి లెక్క 10 స్లైడ్లు, 20 నిమిషాలు, 30 పాయింట్ల సైజుకు తగ్గని అక్షరాలు. అది పెట్టుబడి అడిగేవాళ్ల కోసం చెప్పింది, మీ సెమినార్‌కి అచ్చంగా సరిపోకపోవచ్చు. ఆ 30 మాత్రం ఎక్కడైనా పాటించదగ్గదే.

రిహార్సల్ మనసులో కాదు, నిలబడి, పైకి మాట్లాడుతూ, టైమర్ పెట్టుకుని చేయాలి. మొత్తం బట్టీ పట్టొద్దు, ఒక్క మాట మరిచిపోతే అక్కడే ఆగిపోతారు. మొదటి రెండు మూడు వాక్యాలు మాత్రం నోటికి రావాలి. మధ్యలో చర్చ మొదలైతే పవర్‌పాయింట్‌లో కీబోర్డు మీద బి (B) నొక్కండి, తెర నల్లబడి అందరి చూపు మీ వైపు తిరుగుతుంది. జవాబు తెలియని ప్రశ్న వస్తే "కనుక్కుని చెబుతాను" అనేయండి, తర్వాత నిజంగానే చెప్పండి.