కొత్త సీసా, పాత మందు

ప్రశ్న: నాకు 80 గొర్రెలు, 15 మేకలు ఉన్నాయి. ఏడేళ్లుగా ఏడాదికి నాలుగుసార్లు మంద మొత్తానికి నట్టల (కడుపు పురుగుల) మందు ఆల్బెండజోల్ తాగిస్తున్నాను. ఈసారి తాగించిన నెల రోజులకే పన్నెండు జీవాలకు దవడ కింద నీరు దిగింది. పారుడు లేదు, మేత తింటూనే ఉన్నాయి, కానీ నడవలేక వెనకబడిపోతున్నాయి. రెండు చనిపోయాయి. ఆ మందు ఇక పనిచేయదని, కొత్తగా వచ్చినది తాగించమని మందుల ఏజెంటు ఒక సీసా ఇచ్చి వెళ్లాడు. దాని మీద ఫెన్‌బెండజోల్ అని ఉంది. మా అన్నయ్యేమో పాత మందే నమ్మకం, కొత్తవాటితో ప్రయోగాలు వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఆ పన్నెండు జీవాల సంగతి చూద్దాం, అన్నయ్య, ఏజెంటు పంచాయితీ తర్వాత. వాటి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉండాల్సిన పొర తెల్లగా పాలిపోయి ఉంటే వాటికి రక్తం బాగా తగ్గిపోయినట్టే. అలాంటివాటిని దూరం తోలుకుపోవద్దు, పరుగెత్తించవద్దు. కొట్టం దగ్గరే ఉంచి మంచి మేత, దాణా పెట్టండి. ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించి, ఆల్బెండజోల్ కుటుంబానికి చెందని మందు తూకం ప్రకారం ఇప్పించండి.

కుటుంబం అని ఎందుకన్నానో చెబుతాను. మీకిచ్చిన సీసా కొత్తదే కావచ్చు, అందులోని మందు మాత్రం కొత్తది కాదు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ రెండూ 1970లలో వచ్చినవే, రెండూ బెంజిమిడజోల్ అనే ఒకే కుటుంబానివి. నట్టలోని ఒకే ప్రోటీన్‌ను పట్టుకుని, నట్ట పోషకాలు తీసుకోలేకుండా చేసి చంపుతాయి. ఆ ప్రోటీన్ కాస్త మారిపోయి ఆల్బెండజోల్‌కు లొంగని నట్ట ఫెన్‌బెండజోల్‌కూ లొంగదు. కాబట్టి మీ మందలో ఆల్బెండజోల్ నిజంగానే పని మానేసి ఉంటే, ఏజెంటు చెప్పినట్టు మారిస్తే ఒరిగేదేమీ లేదు. కొత్త మందు అని ఎవరైనా చెప్పినప్పుడు సీసా మీది పెద్ద అక్షరాలు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చూడండి. అది ఏ కుటుంబానిదో డాక్టరును అడగండి. చాలాసార్లు కొత్తదనం రేపర్ మీదే ఉంటుంది.

ఇంతకీ ఆల్బెండజోల్ పని మానేసిందా? మీరు రాసినదాన్ని బట్టి అప్పుడే ఆ మాట అనలేను. దవడ కింద నీరు, పాలిపోవడం, పారుడు లేకపోవడం, ఈ మూడూ కలిస్తే నా మొదటి అనుమానం హీమాంకస్ అనే నట్ట మీదే. ఇది నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగుతుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్లు తాగుతుంది. వినడానికి చిన్న లెక్కే, కానీ వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోతుంది. ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. గడ్డితో పాటు కడుపులోకి వెళ్లిన పిల్ల నట్ట మూడు వారాల్లో పెద్దదై తానూ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఆల్బెండజోల్ ఆ రోజు కడుపులో ఉన్నవాటిని చంపుతుందే కానీ రేపు మేతతో వచ్చేవాటిని ఆపదు. మందు బాగా పనిచేసినా, మర్నాడే నట్టలు నిండిన బీడులోకి తోలితే నెలకల్లా ఇదే పరిస్థితి రావచ్చు. అది మందు ఓడిపోవడం కాదు, మేత నేలలోంచి మళ్లీ రావడం.

రెండో అనుమానం కార్జపు జలగలు. చెరువు గట్లు, నీరు నిలిచే పల్లపు నేలల్లో మేపుతుంటే ఇవీ దవడ కింద నీరు తెప్పిస్తాయి. ఆల్బెండజోల్ ఎదిగిన జలగలను మాత్రమే, అదీ ఎక్కువ డోసులో చంపుతుంది. కార్జంలో తిరిగే పిల్ల జలగలను ఏమీ చేయలేదు. ఇకముందు ఏదైనా చనిపోతే పూడ్చే ముందు డాక్టరుతో కోయించి చూడండి. నాలుగో పొట్టలో ఎరుపు, తెలుపు దారాలు మెలిపెట్టినట్టుండే సన్నని నట్టలు గుంపుగా కనిపిస్తే హీమాంకస్. కార్జంలో ఆకుల్లా బల్లపరుపుగా ఉన్నవి కనిపిస్తే జలగలు. ఆ ఒక్క పరీక్షతో నేనిక్కడ రాసిన సగం మాటలు అక్కర్లేకుండా పోతాయి.

మూడోది, మందు సరిగ్గా లోపలికి వెళ్లిందా అన్నది. దీని గురించి నేను కొంచెం సిగ్గుపడుతూ చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందకు మందు పనిచేయడం లేదని తేల్చేసి, రెండుసార్లు మందు మార్పించాను. చివరికి ఆ ఇంటి కుర్రాడొకడు మందు తాగించే గన్నును కొలత గ్లాసులోకి వదిలి చూపించాడు. పది మిల్లీలీటర్ల గీత దగ్గర పెడితే ఆరే వస్తోంది. వాషర్ అరిగిపోయింది. అప్పటి నుంచి ఏ మంద దగ్గరకు వెళ్లినా నా మొదటి ప్రశ్న గన్ను గురించే.

ఆల్బెండజోల్ ద్రవంలో మందు అడుక్కి పేరుకుంటుంది. సీసాను బాగా ఊపకపోతే మొదటి జీవాలకు నీళ్లు, చివరివాటికి ముద్ద మందు అందుతాయి. కంటి అంచనాతో మందంతటికీ సగటు డోసు పోస్తే బరువైనవాటికి చాలదు. అలా చావుకి తక్కువ, అలవాటుకి ఎక్కువగా అందిన మందే నట్టలను మొండివాటిగా తయారుచేస్తుంది. కొన్నింటినైనా తూచి, బరువును బట్టి రెండు మూడు గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపులో అన్నిటికన్నా బరువైనదానికి సరిపడే డోసు ఇవ్వండి. గన్ను మూతిని నాలుక వెనక భాగం మీదకు చేర్చి మెల్లగా వదలండి. నోటి ముందు భాగంలో పోస్తే మందు మొదటి పొట్టను దాటేసి త్వరగా బయటికి పోతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మేకల విషయం. గొర్రెలకిచ్చిన డోసే వాటికీ ఇస్తున్నట్టున్నారు. మేక ఒంట్లో ఆల్బెండజోల్ గొర్రెలో కన్నా వేగంగా కరిగిపోతుంది. అందుకే మేకకు సాధారణంగా రెట్టింపు ఇస్తారు. ఏడేళ్లుగా మీ మేకలకు సగం డోసే అందుతూ ఉంటే, మొండి నట్టలు ముందు వాటిలో తయారై, ఒకే బీడులో మేస్తున్న గొర్రెలకు చేరి ఉంటాయి. రెట్టింపు అన్నాను కదా అని అన్ని మందులకూ ఈ లెక్క పట్టించకండి. క్లోసాంటెల్‌ను అలా పెంచితే జీవాలకు చూపు పోతుంది, తిరిగి రాదు. ఏ మందుకు ఎంత అన్నది డాక్టరు చెప్పాలి.

ఇవన్నీ సరిచూసుకుని ఈసారి ఆల్బెండజోల్ పక్కాగా తాగించి, అది పనిచేసిందో లేదో పరీక్ష చేయించండి. తాగించే రోజున పది పదిహేను జీవాల పెంటికలు, సరిగ్గా 14 రోజులకు మళ్లీ అవే జీవాలవి ఇస్తే ల్యాబ్‌లో గుడ్లు లెక్కిస్తారు. మొదట గ్రాముకు సగటున వెయ్యి గుడ్లుండి తర్వాత 50 లేదా అంతకన్నా తక్కువకు వస్తే, అంటే 95 శాతం తగ్గితే, మందు బాగానే ఉంది. 300 మిగిలితే ఆ కుటుంబం మొత్తాన్నీ పక్కన పెట్టాల్సిందే. ఏడాది రెండేళ్లు ఆపితే నట్టలు మళ్లీ లొంగుతాయని ఒక మాట ప్రచారంలో ఉంది. నా అనుభవంలో అలా ఆశపడినవాళ్లు తర్వాత బాధపడ్డారు.

అప్పుడు దేనికి మారాలి? ఇక్కడే మీ ప్రశ్న తిరగబడుతుంది. ఆల్బెండజోల్ ఓడిన చోట తరచూ పనికొచ్చే లెవమిసోల్ దానికన్నా ముందే, 1960లలో వచ్చింది. నట్ట కండరాలను బిగుసుకుపోయేలా చేసే వేరే కుటుంబం అది. అంటే మీకు కావలసిన మార్పు ఇంకా పాత మందులో దొరకవచ్చు. హీమాంకస్ అని తేలితే క్లోసాంటెల్ కూడా ఉంది, అది రక్తం తాగే నట్టల మీదే పనిచేస్తుంది. 1981లో వచ్చిన ఐవర్మెక్టిన్ ఇంకో కుటుంబం. దాన్ని కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది, అంత గొప్ప మందే. అయినా చాలా దేశాల గొర్రెల్లో హీమాంకస్ దానికీ లొంగడం మానేసింది. డోరామెక్టిన్, ఎప్రినోమెక్టిన్ అని వేరే పేర్లతో వచ్చేవి ఐవర్మెక్టిన్ కుటుంబానివే. ఎప్రినోమెక్టిన్‌తో నిజమైన లాభం ఒకటుంది. పాలిచ్చే ఆవులకు ఇచ్చినా పాలు పారబోయనక్కర్లేదు. కొత్తదానికి డబ్బు పెట్టడానికి అలాంటి కారణం చాలు. ఐవర్మెక్టిన్‌ను తట్టుకున్న నట్టల మీద గెలుస్తుందని మాత్రం దాన్ని కొనకండి.

మీ అన్నయ్య భయం ఊరికే పుట్టింది కాదు. మందు విడుదలయ్యే నాటికి దాన్ని వాడి చూసిన జీవాలు కొన్ని వందలో, వేలో. అరుదుగా వచ్చే హాని, పక్కదారిన వచ్చే హాని అప్పటికి బయటపడవు. డైక్లోఫెనాక్ మనుషుల్లో ఎన్నో ఏళ్లు వాడిన నొప్పి మందు. పశువులకూ వాడకం పెరిగాక ఆ పశువులకేమీ కాలేదు, వాటి కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల్లో చచ్చిపోయాయి. కారణం 2004లో తేలింది, 2006లో భారత ప్రభుత్వం పశువులకు దాన్ని నిషేధించింది. పశువైద్యులు మారింది మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందుకు. రాబందులకు అది సురక్షితమని పరీక్షించి చూశాకే అలా మారారు. కొత్తదాన్ని నమ్మడానికి అదీ పద్ధతి.

అలాగని పాతదంటే చల్లనిదని అనుకోకండి. ఆల్బెండజోల్‌ను చూడి కట్టిన తొలి నెలలో ఇస్తే పిల్ల అవకరంతో పుట్టవచ్చు. లెవమిసోల్ డోసు కొంచెం ఎక్కువైనా జీవం చొంగ కార్చి వణుకుతుంది. తేడా ఒక్కటే, ఈ ప్రమాదాలు మనకు ముందే తెలుసు, తప్పించుకునే దారీ తెలుసు.

నిజంగా కొత్త కుటుంబం ఈ మధ్య వచ్చిన మాట కూడా వాస్తవమే. పాతికేళ్లకు పైగా ఎదురుచూశాక 2009లో న్యూజిలాండ్‌లో మోనెపాంటెల్ విడుదలైంది. అన్ని మందులూ ఓడిన మందలకు అది ప్రాణం పోసింది. నాలుగేళ్లకే, 2013లో, అక్కడే ఒక మందలో దానికి లొంగని నట్టలు దొరికాయి. ఇది కొత్తేమీ కాదు, 1961లో వచ్చిన మొదటి బెంజిమిడజోల్ థయాబెండజోల్‌కు 1964 నాటికే అదే గతి పట్టింది. కొత్త మందును పాతదానిలాగే మందంతటికీ పదేపదే పోస్తే దాని ఆయుష్షు అంతే. అలాగని అన్నీ ఓడేదాకా దాన్ని తాళం వేసి దాచమనీ నేననను. బయటి నుంచి కొన్న జీవాలను మందలో కలిపే ముందు, రెండు వేర్వేరు కుటుంబాల మందులు ఇచ్చి రెండు రోజులు పొడి నేల మీద విడిగా ఉంచాలి. కొత్త కుటుంబం అక్కడ బాగా ఉపయోగపడుతుంది.

ఇక మీరు ఈ ఏడాది మానాల్సింది మంద మొత్తానికి ఒకేసారి తాగించడం. నట్టల్లో ఎక్కువ భాగం కొన్ని జీవాల్లోనే ఉంటాయి. వానాకాలంలో రెండు వారాలకోసారి కనురెప్పలు చూసి పాలిపోయినవాటికి మాత్రమే ఇవ్వండి. ఎర్రగా ఉన్నవాటిని వదిలేస్తే వాటిలో మందుకు లొంగే నట్టలు బతికి, మొండివాటిని పలచన చేస్తాయి. నట్టలను కావాలని వదలడమేమిటని మీకు అనిపిస్తుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. అలాగే, తాగించిన మర్నాడే మందను కొత్త బీడుకు తోలే అలవాటుంటే ఆపండి. ఆ శుభ్రమైన నేల మీద గుడ్లు పెట్టేది చావకుండా మిగిలిన మొండి నట్టలే.

ఏజెంటు ఇచ్చిన సీసా విప్పకపోతే తిరిగి ఇచ్చేయండి. పెంటికలు నేల మీద ఏరకుండా జీవం దగ్గరే తాజాగా పట్టి, ఒక్కో జీవానిది ఒక్కో సంచిలో గాలి లేకుండా కట్టి, చల్లగా ఉంచి అదే రోజు ల్యాబ్‌కు చేర్చండి. ఎండలో ఉంటే గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పుతుంది. మేకలవి గొర్రెలవాటితో కలపకుండా విడిగా రాయించండి, రెండు లెక్కలూ వేర్వేరుగా రావచ్చు.