జెడ్80 బోర్డుకి కాలేజీ ల్యాబ్ చిప్స్ సరిపోతాయా?

ల్యాబ్‌లో 8085 ప్రాసెసర్ కిట్ మీద నేర్చుకున్న 8255 (పోర్టులది), 8251 (సీరియల్‌ది), 8253 (టైమర్) చిప్స్ తెచ్చుకుని 7.3728 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్ బోర్డు కట్టొచ్చా అని అడిగారు. వద్దండీ. సిలబస్‌లో ఉన్నాయి కాబట్టి సపోర్ట్ చిప్స్ అంటే అవే అనుకోవడం మన ఇంజినీరింగ్ చదువు అంటించిన అలవాటు. పరీక్షకి కంట్రోల్ వర్డ్ బట్టీ పట్టిస్తారు గానీ, డేటాషీట్‌లో టైమింగ్ పేజీ తెరిపించరు.

ఆ పేజీలో ఒక్క అంకె చూడండి. పాత 8255ఎ కి రైట్ పల్స్ (రాయమనే డబ్ల్యూఆర్ లైను కింద ఉండే సమయం) కనీసం 400 నానోసెకన్లు కావాలి. మీ క్లాక్ మీద ఒక టీ-స్టేట్, అంటే ఒక క్లాక్ సైకిల్, 135.6 నానోసెకన్లు. ఐఓ రైట్‌లో డబ్ల్యూఆర్ లైను కింద ఉండేది రెండున్నర టీ-స్టేట్లు, అంటే 339. చాలదు. ఒకసారి రాస్తుంది, ఒకసారి రాయదు, మీరేమో టంకం సరిగ్గా పడలేదనుకుని రెండు రోజులు వెతుక్కుంటారు. పోర్టులు కావాల్సిందే అంటే సీమాస్ 82సీ55ఎ కొనండి, దానికి 100 చాలు. దాని రీసెట్ యాక్టివ్ హై (లైను పైకి వెళ్తే పని చేస్తుంది), జెడ్80 ది యాక్టివ్ లో (కిందికి వస్తే పని చేస్తుంది), కాబట్టి మధ్యలో ఇన్వర్టర్ పెట్టాలి.

సీరియల్‌కి 8251, దానికి బాడ్ రేటు (సీరియల్ వేగం) క్లాక్ ఇవ్వడానికి 8253: రెండు చిప్స్ చేసే పని 16సీ550 ఒక్కటే చేస్తుంది, పైగా 16 బైట్ల ఫిఫో (వచ్చిన వరుసలో దాచిపెట్టే బఫర్) ఉంటుంది. దానికి సొంతంగా 1.8432 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెట్టండి. అప్పుడు సీపీయూ క్లాక్ ఎంతకి మార్చినా బాడ్ రేటు కదలదు. దీని రీసెట్ కూడా యాక్టివ్ హై, ఇంటరప్ట్ కూడా యాక్టివ్ హై; ఒక 2ఎన్7000 మాస్‌ఫెట్ పెట్టి జెడ్80 ఐఎన్‌టీ పిన్‌ని కిందికి లాగించండి, ఆ పిన్‌కి 4.7 కిలో ఓమ్స్ పుల్-అప్ ఇవ్వండి. 9600 బాడ్‌కి డివైజర్ 12. ఎల్‌సీఆర్ అనే కంట్రోల్ రిజిస్టర్‌లో హెక్స్ 83 రాసి (డివైజర్ తెరుచుకుంటుంది), డివైజర్ వేసి, మళ్ళీ 03 రాయడం మరిచిపోతే మీరు పంపిన మొదటి అక్షరం ‘హెచ్’ బయటికి పోదు. దాని కోడ్ హెక్స్ 48, అంటే 72, తిన్నగా డివైజర్‌లోకి వెళ్ళి బాడ్ రేటు 1600 అయిపోతుంది.

అసలు తలనొప్పి అడ్రస్ డీకోడింగ్‌లో, అంటే అడ్రస్ చూసి ఏ చిప్‌ని లేపాలో తేల్చడంలో ఉంటుంది. ఇలాంటి బోర్డు ఊహించుకోండి: 74హెచ్‌సీ138 డీకోడర్ అవుట్‌పుట్ నేరుగా 74హెచ్‌సీ273 లాచ్ క్లాక్‌కి వెళ్తోంది, దాని మీద ఎనిమిది ఎల్ఈడీలు. పోర్టు హెక్స్ 20. ప్రోగ్రామ్ బాగానే నడుస్తోంది. ఇంటరప్టులు ఆన్ చేయగానే ఎప్పుడో ఒకసారి ఎల్ఈడీలు వాటంతటవే మారిపోతాయి. ప్రోగ్రామ్‌లో ఒక నాప్ (ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్) కలిపితే జబ్బు మాయం, తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. ఎందుకంటే ఇంటరప్ట్ అక్‌నాలెడ్జ్‌లో (సీపీయూ ఇంటరప్ట్‌ని అందుకునే సైకిల్‌లో) ఎం1 (ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకునేటప్పటి సిగ్నల్), ఐఓఆర్‌క్యూ (పోర్టుని అడిగే సిగ్నల్) రెండూ కిందికి వస్తాయి, అడ్రస్ బస్ మీద ప్రోగ్రామ్ కౌంటర్ ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో దాని కింది బైటు 20 నుంచి 2ఎఫ్ మధ్య ఉంటే డీకోడర్ దాన్ని పోర్టనుకుంటుంది, డేటా బస్ మీద తేలుతున్న చెత్త లాచ్‌లో పడుతుంది. ఆ సైకిల్‌లో ఆర్‌డీ (చదవమనే లైను), డబ్ల్యూఆర్ రెండూ పైనే ఉంటాయి కాబట్టి 16సీ550 తప్పించుకుంటుంది, లాచ్ దొరికిపోతుంది. 138 కి మూడు ఎనేబుల్ పిన్నులున్నది మనకోసమే అనుకోండి: జీ1 కి ఎం1, జీ2ఎ కి ఐఓఆర్‌క్యూ, జీ2బీ కి ఎ7. ఎ4, ఎ5, ఎ6 సెలెక్ట్‌కి. లాచ్ క్లాక్‌ని డబ్ల్యూఆర్‌తో ఆర్ గేట్ దాటించే పంపండి.

మెమరీకి పెద్దగా ఆలోచించక్కర్లేదు. 55 నానోసెకన్ల 62256 రామ్, 70 నానోసెకన్ల ఎస్ఎస్‌టీ39ఎస్ఎఫ్010ఎ ఫ్లాష్. చేతిలో 150 నానోసెకన్ల 28సీ256 ఈఈప్రామ్ ఉంటే దాని సీఈ (చిప్ ఎనేబుల్) ని ఎంఆర్‌ఈక్యూ (మెమరీని అడిగే సిగ్నల్)తో కలపకండి, ఆప్‌కోడ్ ఫెచ్‌లో టైము చాలదు. సీఈ అడ్రస్ నుంచి మాత్రమే రావాలి, ఎంఆర్‌ఈక్యూ, ఆర్‌డీ కలిసి ఓఈ (అవుట్‌పుట్ ఎనేబుల్) కి వెళ్ళాలి. ప్రతి చిప్ పవర్ పిన్ పక్కనే ఒక 104 (0.1 మైక్రోఫారడ్) కెపాసిటర్, ఇందులో పిసినారితనం వద్దు.

ఇక సీపీయూ. జైలాగ్ కంపెనీ 84సీ00 (సీమాస్ జెడ్80) కి చివరి ఆర్డర్ల గడువు 2024 జూన్‌లోనే అయిపోయింది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, పాత చిప్ మీద పేరు గీకి కొత్తది అచ్చేసిన సరుకు తగలొచ్చు. అసిటోన్ తడిపిన దూదితో రుద్దండి, అచ్చు ఊడి వస్తే అనుమానించండి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే, సీ రిజిస్టర్‌లో ఎల్ఈడీ పోర్టు నంబరు వేసి హెక్స్ ఈడీ 71 అనే రెండు బైట్లు (ఆ పోర్టుకి రాసే అనధికార ఇన్‌స్ట్రక్షన్) నడపండి. జైలాగ్ సీమాస్ చిప్ ఎఫ్‌ఎఫ్ పంపుతుంది, ఎల్ఈడీలన్నీ వెలుగుతాయి. పాత తరం ఎన్‌మాస్ చిప్ సున్నా పంపుతుంది. మీద 84సీ00 అని ఉండి ఎల్ఈడీలు ఆరిపోయాయంటే దాన్ని 7.3728 మీద నమ్మకండి. ఓసిలేటర్ తీసి 3.6864 ది పెట్టండి, సీరియల్‌లో ఒక్క లైను కూడా మార్చక్కర్లేదు.