పది ప్రశ్నలు అడిగేటప్పుడు అమ్మను బయటకు పంపండి

"నా భార్యకు ప్రసవమై రెండు నెలలైంది. పుట్టింట్లో ఉంది. టీకాకు వెళ్లినప్పుడు డిప్రెషన్ ఉందేమో చూపించుకోమని డాక్టరు చెప్పారు. మా అమ్మ, అత్తగారు ఇద్దరూ ఇవన్నీ ఈ కాలపు మాటలని కొట్టిపారేస్తున్నారు. కాగితం మీద పది ప్రశ్నలు అడిగితే మనసులోని జబ్బు తెలుస్తుందా?" అని ఒకాయన అడిగారు.

తెలుస్తుంది బాబూ. మీ అత్తగారి స్థానంలో కూర్చున్నదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. పిల్ల ముఖం చూస్తే ఇంట్లో ఏం జరిగిందో పసిగట్టేస్తుందని నాకు పేరుండేది. 2016లో మా అమ్మాయి తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి, నా కళ్ల ముందే ఆరు వారాలు కుంగిపోతే నేను పసిగట్టలేదు. ఒక నర్సు పావుగంటలో తెలుసుకుంది.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచి తిండి దగ్గర పేచీ. కాకరకాయ కనిపిస్తే కంచం జరిపేస్తుంది. పప్పులో ఉప్పు తగ్గితే వంటింట్లోకి వచ్చి మరీ చెబుతుంది. అలాంటి పిల్ల పురిటి పథ్యం మారుమాట లేకుండా తింది. వెల్లుల్లి కారం, బీరకాయ కూర, పాత చింతకాయ పచ్చడి, ఏది పెడితే అది. తల్లి అయ్యాక బుద్ధి వచ్చిందని చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. ఒకరోజు తను తిని లేచాక నేను కంచం ముందు కూర్చుంటే తెలిసింది, కూరలో ఉప్పు వెయ్యనే లేదు. అంతా తినేసి వెళ్లి పడుకుంది. ఆ రోజైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు.

రాత్రి రెండు గంటలకు వంటింట్లో లైటు వెలిగేది. వెళ్లి చూస్తే ఉగ్గుగిన్నె కడుగుతూ ఉండేది. కడిగినదాన్నే మళ్లీ కడిగి, వేడినీళ్లలో వేసి, తీసి, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ సబ్బు రాసేది. "పాప పడుకుంది కదమ్మా, నువ్వూ కాసేపు నడుం వాల్చు" అంటే తల ఊపి వెళ్లేది. నేను నిద్రలోకి జారుకున్నాక మళ్లీ వచ్చేదని పొద్దున గిన్నె చూస్తే తెలిసేది. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీశాను. గుడి నుంచి తాయెత్తు తెచ్చి కట్టాను. అవి చేసినందుకు నాకు బాధ లేదు, చేయగలిగింది చేశాను. "నీకు ఎలా ఉంది?" అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. పాలు వస్తున్నాయా, కుట్లు మానాయా, పాప ఎన్నిసార్లు తడిపింది, ఇవే అడిగాను.

ఆరో వారం టీకాకు ఆసుపత్రికి వెళ్లాం. నలభై ఏళ్లుంటాయేమో ఆ నర్సుకు. పాపను తూచింది, టీకా వేసింది, ఫైలు మూసి మా అమ్మాయి వైపు తిరిగి "నువ్వెలా ఉన్నావమ్మా?" అంది. జవాబు నేను చెప్పాను. "బాగానే ఉందండీ, పెట్టినవన్నీ తింటోంది" అన్నాను. ఆమె నా వైపు చూసి, "అమ్మగారూ, ఈ కాగితం మీద కింద కౌంటరులో స్టాంపు వేయించుకుని రండి" అని చేతికిచ్చింది. కింద వరుసలో పదిమందికి తక్కువ లేరు. నిలబడి, వేయించుకుని పైకి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి ఇద్దరూ కనిపించారు. బల్ల మీద మరో కాగితం, దాని చివరి వరుస మీద నర్సు వేలు. మా అమ్మాయి పాప దుప్పటి అంచును చూపుడు వేలికి చుడుతోంది, విప్పుతోంది, మళ్లీ చుడుతోంది. చాలాసేపటికి అంది: "అప్పుడప్పుడు అనిపిస్తుంది. నేను లేకపోతే పాపను అమ్మే బాగా పెంచుతుంది కదా అని."

నేను ఆ గదిలో ఉండి ఉంటే ఆ మాట బయటకు వచ్చేది కాదు. నా చేతిలోని కాగితానికి స్టాంపు అవసరమే లేదని తరవాత తెలిసింది.

ఆ కాగితం మీది పది ప్రశ్నలకు మొత్తం 30కి 17 వచ్చింది. ఆ మధ్యాహ్నమే నర్సు మమ్మల్ని అదే ఆసుపత్రిలోని మానసిక వైద్యురాలి దగ్గర కూర్చోబెట్టింది.

ఆ కాగితం గురించి నేను తరవాత శ్రద్ధగా చదివాను. దాన్ని ఎడిన్‌బరో స్కేలు అంటారు. 1987లో జాన్ కాక్స్, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ స్కాట్లండులో తయారుచేశారు. అప్పటికి డిప్రెషన్ కొలిచే ప్రశ్నపత్రాలు లేక కాదు. వాటిలో అలసటగా ఉందా, ఆకలి తగ్గిందా, నిద్ర సరిగా ఉందా అని ఉండేది. పాలిచ్చే తల్లిని ఇవి అడిగితే ఎవరైనా అవుననే అంటారు. అందుకని వీళ్లు ఒంటి బాధలను పక్కనపెట్టి మనసును అడిగారు. గడిచిన ఏడు రోజులలో నవ్వు వచ్చే సంగతికి నవ్వగలిగావా? జరగబోయే వాటి కోసం సంతోషంగా ఎదురుచూశావా? తప్పు నీది కాకపోయినా నిన్ను నువ్వు నిందించుకున్నావా? నిద్ర గురించి కూడా ఒక ప్రశ్న ఉంది కానీ అది ఎంత జాగ్రత్తగా అడిగారో చూడండి: మనసు బాగోలేక నిద్ర పట్టడం లేదా అని. బిడ్డ ఏడిస్తే లేవడం వేరు, బిడ్డ ఆదమరచి పడుకున్నా తల్లికి కన్ను మూతపడకపోవడం వేరు. ఉగ్గుగిన్నె నాకు అప్పుడు అర్థమైంది.

ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3. సాధారణంగా 13 గానీ అంతకు మించి గానీ వస్తే, కొన్నిచోట్ల 10 వచ్చినా డాక్టరుకు చూపించమంటారు. థర్మామీటరు జ్వరం ఉందని చెబుతుంది గానీ అది టైఫాయిడో మలేరియానో చెప్పదు. ఇదీ అంతే, జబ్బు నిర్ధారించవలసింది డాక్టరే. చివరిదైన పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తం ఎంతైందని చూడరు. ఆ రోజే మాట్లాడాలి.

ఇవి ఈ కాలపు మాటలని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు కదా. వేలూరు పరిసర పల్లెల్లో తల్లులను కలిసి చేసిన అధ్యయనం 2002లోనే వచ్చింది. డిప్రెషన్‌కు దారితీసినవి ఏమిటని చూస్తే పేదరికం, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, అత్తతోనో కన్నవాళ్లతోనో పొసగకపోవడం, పనికి సాయం లేకపోవడం తేలాయి. ఇందులో ఈ కాలపుది ఏముంది? మా అమ్మమ్మ కాలంలోనూ ఇవన్నీ ఉన్నాయి. లెక్క రాసినవాళ్లు లేరు, అంతే. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను, ఇరవై వేల పైచిలుకు తల్లుల వివరాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించారు. బాలింతలలో నూటికి 22 మంది. నా తరగతి గదిలో యాభై మంది ఆడపిల్లలుంటే పదకొండు మంది అన్నమాట. ఆ లెక్క చదివిన రాత్రి నా దగ్గర చదువుకున్న పిల్లల ముఖాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

చూడవచ్చేవాళ్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం జబ్బు వాళ్లే తెస్తారని నా గట్టి నమ్మకం. "ఆడపిల్లా? పోనీలే, లక్ష్మి" అంటారు. ఆ "పోనీలే" దేనికి? బిడ్డ నలుపని ఒకరు, పాలు చాలవేమోనని ఒకరు. మంచం మీద ఉన్న మనిషి వింటోందన్న ధ్యాస ఉండదు. మా అల్లుడు ప్రతి ఆదివారం వచ్చేవాడు. పురిటి గదిలోకి మగవాడు ఎందుకని నేనే ముందు గదిలో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. మొగుడితో చెప్పుకుంటే తేలికయ్యేదేమో, ఆ దారి కూడా నేనే మూశాను. పైగా అప్పటికి ప్రైవేటు ఉద్యోగినులకు ప్రసూతి సెలవు 12 వారాలే. 26 వారాల చట్టం 2017లో వచ్చింది. ఆరో వారానికే పిల్ల కళ్ల ముందు ఆఫీసు కనిపించడం మొదలైంది.

వైద్యం గురించి. డాక్టరమ్మ ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించింది. ప్రసవం తరవాత థైరాయిడ్ తేడా చేసినా ఇలాగే ఉండవచ్చునట. అవి బాగానే ఉన్నాయి. తరవాత డిప్రెషన్‌కు వాడే సెర్‌ట్రలిన్ మాత్ర, వారానికి ఒకసారి మాట్లాడటం. మాత్ర వేసుకుంటే పాలు మాన్పించాలా అని నేను అడిగాను. ఈ మందు పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది, అందుకే పాలిచ్చే తల్లులకు ఎక్కువగా దీన్నే రాస్తాం, మాన్పించవద్దు అన్నారు. మొదటి పది రోజులు ఏ తేడా లేదు. "పిచ్చి మందులు మింగిస్తున్నావు, ఆపెయ్" అని మా తోటికోడలు ఫోను చేసింది. ఆపలేదు. మూడో వారం దాటాక ఒక పొద్దున పాపకు నూనె రాస్తుంటే దాని తుమ్ముకు మా అమ్మాయి నవ్వింది. చిన్న నవ్వే. నూనె గిన్నె పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మందులే దిక్కని నేను అనడం లేదు. పాకిస్తాన్‌లో రావల్పిండి పరిసర పల్లెల్లో ఆతిఫ్ రెహమాన్ బృందం చేసిన పని చదివాక నాకు మన ఆశా కార్యకర్తలే కళ్ల ముందు మెదిలారు. అక్కడ ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు కూడా మన ఆశాల వంటివాళ్లే, మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లు కాదు. గర్భం చివరి నెల నుంచి ఇంటికి వచ్చి ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో వాళ్లకు నేర్పించారు. గర్భంతో ఉండగానే డిప్రెషన్ ఉందని తేలిన 903 మంది తల్లులు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, అలా మాట్లాడిన ఊళ్లలో డిప్రెషన్ ఇంకా ఉన్నవాళ్లు నూటికి 23 మంది, మిగతా ఊళ్లలో 53 మంది. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన ఆశా ఆసుపత్రి కాన్పు తరవాత ఆరుసార్లు ఇంటికి వస్తుంది: 3, 7, 14, 21, 28, 42వ రోజున. బిడ్డను తూస్తుంది, జ్వరం చూస్తుంది, బొడ్డు చూస్తుంది. ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషికి ఇంకో పది నిమిషాలు తల్లి దగ్గర కూర్చునే వీలు, దానికి తగిన శిక్షణ, తగిన డబ్బు ఇవ్వాలి. అమెరికాలో 2023లో దీనికి 14 రోజుల మాత్ర వచ్చిందని చదివాను, మంచిదే. ముందు అడిగే మనిషి ఉంటేనే కదా ఏ మాత్రయినా తల్లి దాకా చేరేది.

ఇంకొక మాట. ఇది పురిటి తరవాతే మొదలవుతుందని అనుకోవద్దు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పదివేల మంది బాలింతలను ఇవే ప్రశ్నలు అడిగి, 2013లో కేథరీన్ విస్నర్ బృందం ప్రచురించింది. డిప్రెషన్ ఉండవచ్చని తేలినవాళ్లలో మూడో వంతు మందికి అది గర్భంతో ఉన్నప్పుడే మొదలైంది, నాలుగో వంతు మందికి అంతకు ముందే ఉంది. మా అమ్మాయి ఏడో నెలలో సీమంతం నాడు గాజులు తొడిగించుకుంటూ కళ్లు తుడుచుకుంది. ఆనందబాష్పాలని ఫొటో తీయించాం. ఆ ఫొటో ఇప్పుడు నేను చూడలేను.

కాన్పు అయిన మొదటి వారంలో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాలలో పోతుంది. పోకపోతే చూపించాలి. పొంతన లేని మాటలు, లేనివి వినిపించడం, నిద్రే అక్కరలేనట్టు తిరగడం ఉంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. అది వేరే జబ్బు, చాలా అరుదు, చాలా ప్రమాదం. బిడ్డను వేరు చేస్తారని భయపడి దాచేవాళ్లు ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా విడదీయకూడదనే చెబుతోంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లినీ బిడ్డనూ కలిపి ఉంచే వార్డు 2009 నుంచి ఉంది.

2021లో మా అమ్మాయికి రెండో కాన్పు. ఈసారి వేరే ఆసుపత్రి, అక్కడ ఎవరూ అడగలేదు. నేనే ఆ పది ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చి, పిల్లలిద్దరినీ తీసుకుని డాబా మీదకు వెళ్లాను. అరగంట తరవాత దిగి వస్తే కాగితం మడిచి ఫ్రిజ్ మీద పెట్టి ఉంది. మొత్తం ఆరు. పదో దానికి సున్నా. నేను చూస్తానని తెలిసే అక్కడ పెట్టింది.

మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకండి బాబూ, ఆమెకూ నాలాగే తెలియదు. మీ బిడ్డకు రెండు నెలలంటున్నారు కాబట్టి పదో వారం టీకా దగ్గరలోనే ఉంది. ఆ రోజు సెలవు పెట్టి మీరూ వెళ్లండి. ఈలోగా మీ భార్య నోట నేను లేకపోతేనే మంచిదన్న మాట ఏ రూపంలో వచ్చినా ఆ రోజు వరకు ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం చేయాలో తోచకపోతే టెలి మానస్ 14416కు ఫోను చేయండి, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. టీకా అయ్యాక బిడ్డను మీరు ఎత్తుకుని వరండాలోకి వెళ్లండి, మీ భార్యను డాక్టరు దగ్గర ఒంటరిగా కూర్చోనివ్వండి. స్టాంపు వేయించాలని చెప్పి ఏదో ఒక కాగితం మీ అత్తగారి చేతికి ఇవ్వండి.