బందరు కోట కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

1759 నాటి బందరు ముట్టడి మీద నీ కథ రెండుసార్లు చదివాను. తేదీలు సరిగ్గా ఉన్నాయి. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లిషు కర్నల్ ఫోర్డ్ ఇద్దరూ బాగా మాట్లాడారు. కానీ కథంతా వాళ్ల డేరాల్లోనే నడిచింది. బురద ఎక్కడమ్మా?

ఆ కోటకి అసలు కాపలా చుట్టూ ఉన్న చిత్తడి నేల. నైరుతి వైపు సైన్యం దాటలేదని ఫ్రెంచివాళ్ల ధీమా. ఆ ఊరివాళ్లు అటుగా నడిచిపోతుండడం చూసి ఇంగ్లిషువాళ్లు దారి కనిపెట్టారు. ఏప్రిల్ 7 రాత్రి, పోటు తగ్గి పాటు మీద ఉన్న వేళ కదిలారు. ఇంగ్లిషువాళ్ల వైపున్న విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు మనుషులు గట్టు బాట దగ్గర కాల్పులు జరిపారు. అసలు దాడి ఈశాన్యాన. నైరుతి బురదలోకి కెప్టెన్ నాక్స్ వెంట సిపాయిలు దిగింది ఉత్తుత్తి దాడికి.

నీ కథ అక్కడుంది. తుపాకి తడవకుండా పైకెత్తి పట్టుకుని, దిగబడిన కాలు లాక్కుంటున్న ఒక్క సిపాయిని పట్టుకో. తనది ఉత్తుత్తి దాడి అని అతనికి ఎవరైనా చెప్పారా? నాకైతే ఈ ప్రశ్న రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు.

ఇంకో మాట. నీ సిపాయిలందరూ తెలుగు మాట్లాడుతున్నారు. ఫోర్డ్ సిపాయిలను క్లైవ్ బెంగాలు నుంచి ఓడల్లో పంపాడు. మన సముద్రం పోటుపాట్లు వాళ్లకేం తెలుసు? అలాగే గజపతిరాజు 'దేశం కోసం' పోరాడాడని రాశావు, అది తీసెయ్. ఫ్రెంచివాళ్ల మీద కోపంతో విశాఖపట్నం పట్టుకుని, ఇంగ్లిషువాళ్లను పిలిచింది ఆయనే.

ఫోర్డ్‌ది ఉత్త ధైర్యం అనకు. మందుగుండు రెండు రోజులకే ఉంది, ఫ్రెంచివాళ్ల మిత్రుడైన హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో దగ్గరికొస్తున్నాడు, డబ్బు కోసం సొంత సోల్జర్లే అంతకుముందు తిరగబడ్డారు. ఆ టెన్షన్ చూపించు. తెల్లారేసరికి కోట లొంగిపోయింది. పట్టుబడినవాళ్లలో తెల్లవాళ్లు సుమారు 500, ఫ్రెంచివాళ్ల సిపాయిలు 2,500 పైనే. ఆ 2,500 మందిలో ఒక్కడికీ నీ కథలో పేరు లేదు. సలాబత్ జంగ్‌తో ఇంగ్లిషువాళ్ల మే నెల ఒప్పందం గురించి రెండు పేజీలు రాశావు, రెండు వాక్యాలు చాలు.

ఈ ఆదివారం బందరుకోట వెళ్లు. పాటు వేళ చూసుకుని బురదలో దిగు, పల్లెకారులు దాన్ని ఏమంటారో అడుగు. వచ్చాక ఆ సిపాయి పేజీ ఒక్కటి రాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో