సెకండ్ హ్యాండ్ క్లాసిక్ 350 కొన్నాను, నలభై వేలు ఉన్నాయి. ముందు బండికి ఏం మార్చుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కడపలో ఉద్యోగం, 2022 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, నలభై వేలు పక్కన పెట్టుకున్నారు. సైలెన్సర్‌తో మొదలుపెట్టాలా, లైట్లతోనా అని తేలడం లేదు. పైగా బండికి అంత పెట్టడం దండగ అని ఇంట్లో అంటున్నారు.

నేను ప్రొద్దుటూరులో ఉంటాను, నడిపేది కూడా ఇదే బండి. ఆదివారం తెల్లవారితే మన జిల్లా రోడ్ల మీదే ఉంటాను. కాబట్టి ఇక్కడి ఎండ, ఇక్కడి దుమ్ము, ఇక్కడి లారీలు చూసి చెప్తున్న మాట ఇది: ముందు బండిని మీ ఒంటికి, మన రోడ్లకు అమర్చుకోవడానికి డబ్బు పెట్టండి. మూడు గంటలు నడిపి దిగాక కూడా ఇంకాసేపు నడుపుదామా అనిపించాలి. అందం, సౌండ్ ఆ తర్వాత చూసుకోవచ్చు.

అసలు పైసా తీయకముందే చేయాల్సిన పని ఉంది. బండి సెంటర్ స్టాండ్ వేసి మామూలుగా నడిపేటట్టే కూర్చోండి. కళ్లు మూసుకుని చేతులు హ్యాండిల్ మీద పెట్టి, వేళ్లు క్లచ్ మీదికి చాపండి. మణికట్టు పైకో కిందికో వంగుతోందంటే లివర్ మీకు సరిపోయే చోట లేదన్నమాట. దాని క్లాంపు బోల్టు కాస్త వదులు చేసి తిప్పితే చాలు. బ్రేక్ లివర్‌కూ అంతే. గేర్ లివర్ మీ బూటు ఎత్తుకు తగ్గట్టు ఉందో లేదో చూడండి. వెనక షాక్ అబ్జార్బర్ స్ప్రింగుకు ఆరు మెట్ల సర్దుబాటు ఉంటుంది. పాత ఓనర్ ఇద్దరితో తిరిగేవాడైతే గట్టిగా పెట్టి ఉంటాడు, ఒక్కరే నడిపే మీకు ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. ఒకటి రెండు మెట్లు తగ్గించి చూస్తే బండి మారిపోయిందా అనిపిస్తుంది. హ్యాండిల్ మార్చాలి, షాక్‌లు మార్చాలి అనుకునేవాళ్లలో చాలామందికి ఈ పావుగంట పనితోనే సమస్య తీరిపోవడం నేను చూశాను. నా బండి చూసే భాయ్ ఎవరికైనా ఇదే చెప్తాడు: "బండి నీకు సరిపోలేదని పార్టు కొంటాండావు అన్నా. ముందు ఉన్న బండిని నీకు సరిపోయేట్టు చేసుకో, ఆ తర్వాత కొందువులే."

ఇక ఖర్చు. మొదటి ఖర్చు టైర్లకు. 2022 బండి కాబట్టి కంపెనీ వేసిన టైర్లే ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 1822 అని ఉంటే 2022లో పద్దెనిమిదో వారంలో తయారైందని అర్థం. గాడి ఇంకా ఉంది కదా అని అలాగే నడుపుతుంటారు చాలామంది. మన ఎండలకు రబ్బరు గట్టిపడిపోతుంది, పట్టు పోతుంది. ఎండిన రోడ్డు మీద ఆ తేడా తెలియదు. జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేల పక్క రోడ్ల మీద ట్రాక్టర్లు బురద తెచ్చి వేస్తాయి. దాని మీద నాలుగు చినుకులు పడ్డాక బ్రేకు వేస్తే అప్పుడు తెలుస్తుంది. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపుల మీద లారీల నుంచి కారిన డీజిల్ కూడా అలాంటిదే. ముందు టైరు 100/90-19, వెనక 120/80-18, ఆ కొలతల్లోనే మంచి కంపెనీవి కొనండి. రెండూ కలిపి ఏడెనిమిది వేల దాకా అవుతుంది. బండి దిట్టంగా కనిపిస్తుందని వెనక వెడల్పు టైరు వేయించుకోవద్దు. రిమ్ము వెడల్పు అంతే ఉండగా టైరు వెడల్పు పెంచితే దాని ఆకారం మారిపోయి, మలుపులో బండి వంగడానికి మొండికేస్తుంది. మీది స్పోక్ చక్రాల బండి అయితే ట్యూబులు కూడా కొత్తవి వేయించండి, పాత ట్యూబుకు ఎన్ని ప్యాచీలున్నాయో మీకు తెలియదు కదా. గాలి పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. మే నెలలో మధ్యాహ్నం కొలిస్తే లెక్క తప్పుతుంది.

టైర్లతో పాటే బ్రేక్ ప్యాడ్లు చూపించండి, రెండేళ్లుగా మార్చకపోతే బ్రేక్ ఆయిల్ కూడా మార్పించండి. ఇది పెద్ద ఖర్చు కాదు.

రెండో ఖర్చు మీ ఒంటి మీదికి. హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్లు. ఇవి బండి మార్పుల్లోకి రావని కొందరంటారు, నేను ఒప్పుకోను. వేడిగాలి ముఖానికి కొడుతుంటే, తల మీద వదులు హెల్మెట్ అటూ ఇటూ ఊగుతుంటే ఎంత మంచి బండి అయినా గంటలో విసుగొస్తుంది. 2021 జూన్ నుంచి మన దేశంలో టూవీలర్ హెల్మెట్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, ఆ గుర్తు లేనిది అమ్మకూడదు. గుర్తు చూసి ఊరుకోకుండా షాపులోనే పెట్టుకుని పది నిమిషాలు ఉండండి. బుగ్గలు గట్టిగా నొక్కాలి, నుదుటి మీద నొప్పి రాకూడదు, పట్టుకుని పక్కకు తిప్పితే మీ చర్మం కూడా దానితో కదలాలి. జాకెట్ మన దగ్గర గాలి ఆడే జల్లెడ గుడ్డది, అంటే మెష్‌దే తీసుకోండి. మోచేతులు, భుజాలు, వీపు దగ్గర సీఈ (CE, యూరప్ భద్రతా ప్రమాణం) గుర్తున్న ప్యాడ్లు ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడండి. చాలా జాకెట్లలో వీపు ప్యాడ్ పేరుకు ఒక స్పాంజి ముక్క ఉంటుంది, దాన్ని తీసి అసలైనది విడిగా కొని పెట్టుకోవాలి. రంగు నలుపు వద్దు, లేత బూడిద రంగు మేలు. ఎండకు మేలు, రాత్రి లారీ డ్రైవర్‌కు కనపడటానికీ మేలు. మొత్తం కలిపి పదిహేను వేలు పెట్టినా నేను ఎక్కువనను.

సీటుకు కొత్తది కొననక్కర్లేదు. కడపలో సీట్లు కుట్టేవాళ్లకు చూపిస్తే మీ బరువు, ఎత్తు చూసి ఫోమ్ మార్చి ఇస్తారు. మెత్తగా చేయమని మాత్రం చెప్పొద్దు. మరీ మెత్తని ఫోమ్ గంట తిరిగేసరికి అణిగిపోయి, కింద పలక తగిలినట్టు ఉంటుంది. కాస్త గట్టి ఫోమే దూరాలకు పనికొస్తుంది.

ఇప్పుడు సైలెన్సర్. మీరు ముఖ్యంగా అడిగింది ఇదే కాబట్టి వివరంగా చెప్తాను. ఆ సౌండ్ మీద ఇష్టం నాకు అర్థం కాకపోలేదు, బుల్లెట్ వీధి చివర ఉండగానే ఎవరి బండో చెప్పే పిల్లల్లో నేనూ ఒకణ్ణి. కానీ మీ దగ్గరున్నది జే సిరీస్ ఇంజను, 349 సీసీ. పవర్ 20.2 బీహెచ్‌పీ, టార్క్, అంటే లాగే బలం, 27 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ 4,000 ఆర్‌పీఎమ్ దగ్గరే అందుతుంది. తక్కువ వేగంలో, పై గేరులో, తొందర లేకుండా లాక్కుపోవడమే ఈ ఇంజను గొప్పతనం. సైలెన్సర్ మార్చినంత మాత్రాన దానికి పెరిగే శక్తి ఏమీ ఉండదు. పైగా ఇది బీఎస్6 బండి, అంటే కొత్త కాలుష్య నియమాలకు తగ్గట్టు చేసినది. ఎగ్జాస్ట్‌లో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్ ఉంటాయి. ఆ సెన్సార్ చెప్పే లెక్కను బట్టే ఈసీయూ, అంటే ఇంజనును నడిపే చిన్న కంప్యూటర్, పెట్రోలు ఇంజెక్ట్ చేయిస్తుంది. బజారు సైలెన్సర్ బిగిస్తే ఆ లెక్క తప్పవచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమని పేలడం చాలావరకు అందుకే, అది బలం కాదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 175 సీసీ దాటిన మోటార్ సైకిళ్లకు తయారీ దశలో అనుమతించిన శబ్దం 80 డెసిబెల్స్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన ఓనర్‌కు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్ద కాలుష్యం కిందికి వస్తే 10,000 దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్స్ పోయే అవకాశం వేరే ఉన్నాయి. వీటన్నిటికంటే నన్ను ఆపేది ఒకటుంది. మనం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరతాం. ఆ వేళకు వీధిలో పసిపిల్లలు, పెద్దవాళ్లు నిద్రలో ఉంటారు. వాళ్లను లేపే హక్కు మన సరదాకు లేదు. అంతగా మనసు పడితే కంపెనీ తన సొంత యాక్సెసరీల్లో అమ్మేవి చూడండి, పాతది మాత్రం అమ్మకుండా దాచుకోండి.

లైట్లకు వస్తే మీ బండిలో ఉన్నది 60/55 వాట్ల హాలోజన్ బల్బు. చాలామందికి వెలుతురు చాలనిది బల్బు వల్ల కాదు, లైటు పైకో పక్కకో తిరిగి ఉండటం వల్ల. ఒక గోడకు ఎదురుగా పెట్టి, మీరు కూర్చుని, ఎత్తు సరిచేయించండి. అప్పటికీ చాలకపోతే రిలే (బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా బల్బుకు పంపే స్విచ్చు) ఉన్న వైరింగ్ సెట్ వేయించండి, బల్బుకు వోల్టేజి పూర్తిగా అందుతుంది. 100 వాట్ల బల్బు వేసి రిఫ్లెక్టర్ మాడ్చుకోవద్దు. అదనపు లైట్లు పెట్టేవాళ్లు ఎదురొచ్చేవాడి కళ్ల గురించి ఆలోచించాలి. మనవి చాలావరకు డివైడర్ లేని రోడ్లు, ఎదుటివాడికి కళ్లు కనపడకపోతే వచ్చి గుద్దేది మనల్నే. వైర్లు కోసి టేపు చుట్టే మెకానిక్ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఏది పెట్టినా ఫ్యూజు ఉండాలి.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఎవరూ అడగరు కానీ మన ప్రాంతంలో అది చాలా ముఖ్యం. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీలు, ముద్దనూరు వైపు ఆర్‌టీపీపీ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద మోసే లారీలు, ఇక నాపరాళ్ల గనుల దుమ్ము. వాటి వెనక నడిపితే ఇంటికొచ్చేసరికి కనుబొమలు తెల్లబడతాయి, ఇంజను పీల్చేది కూడా అదే గాలి. మాన్యువల్ చెప్పిన గడువు కంటే ముందే ఫిల్టర్ తీసి చూడండి. బయటికి కనపడే కోన్ ఫిల్టర్లు అందంగా ఉంటాయి కానీ మన దుమ్ముకు నేను వాటిని సిఫారసు చేయను. చైనుకూ ఇదే దుమ్ము శత్రువు. ఐదు వందల కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ వేయండి, ఆ పని మీ చేత్తో మీరే చేసుకోండి. బండితో స్నేహం కుదిరేది అలాంటి పనుల్లోనే అని నా నమ్మకం.

బండికి ఏ పెద్ద మార్పు చేసినా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి, రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి. చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

దండగ అన్న మాటకు వస్తాను. మా మామ దగ్గర ఎజ్డీ ఉంది, మైసూరులో ఐడియల్ జావా వాళ్లు చేసిన బండి. ఆ ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్లు దాటింది. మామ ఇప్పటికీ పార్టుల కోసం బెంగళూరు జేసీ రోడ్డుకు పోతాడు, వారం వెతికి తెచ్చిన చిన్న రబ్బరు బుష్‌ను పండగ బట్టలు చూపించినట్టు అందరికీ చూపిస్తాడు. విజయదశమికి ఆ బండిని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు తొక్కించేటప్పుడు ఆయన ముఖం చూడాలి. అత్త మొదట్లో ఆ ఖర్చుకు గొడవపడేది. ఇప్పుడు ఆ బండి వెనక కూర్చుని గుడికి పోతుంది. మనిషికి తను సంపాదించిన దాంట్లో తనకిష్టమైన దానికి కొంత పెట్టుకునే హక్కు ఉంది. అప్పు చేయకుండా, ఇంటికి ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలిన దాంట్లో పెడుతున్నప్పుడు సంజాయిషీ అక్కర్లేదు. ఇంట్లో వాళ్ల భయం తరచూ డబ్బు గురించి కాదు, మీరు క్షేమంగా వస్తారా అని. ముందు హెల్మెట్, టైర్లు కొని చూపించండి, ఆ మాట సగం తగ్గుతుంది.

ఒక ఎనిమిది, పది వేలు పార్టులకు ముట్టుకోకుండా పెట్రోలుకు ఉంచండి. నా దృష్టిలో బండి మీద పెట్టే డబ్బులో అన్నిటికంటే బాగా ఖర్చయ్యేది అదే. 13 లీటర్ల ట్యాంకు నింపుకుని కడప నుంచి గండికోట పోయి వచ్చినా సగం పైనే మిగులుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు మన కాలం. కమలాపురం, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు మీదుగా పోతే పెన్నా లోయ అంచున ఎండ ఎక్కకముందే ఉంటారు. ఇంకో వారం గువ్వలచెరువు ఘాట్ ఎక్కి, పాలకోవా తిని, రాయచోటి, మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్. కాస్త అలవాటయ్యాక బెలుం గుహలు, యాగంటి. నల్లమలలోకి ఆత్మకూరు, దోర్నాల రోడ్డు పట్టుకునేటట్టయితే పగలే దాటండి. అది పులుల అభయారణ్యం, రాత్రి రాకపోకలకు ఆంక్షలుంటాయి.

ఈ వారమే టైర్ల మీది ఆ నాలుగంకెలు చూసి ఇక్కడ రాయండి, మీది స్పోక్ చక్రమా అల్లాయా అన్నది కూడా. దాన్ని బట్టి ఏ రకం టైరు తీసుకోవాలో చెప్తాను.