ముసలి గుంపులో ఈ హడావిడేమిటి?

ప్రశ్న: గోళాకార నక్షత్ర గుచ్ఛాల్లో (లక్షలాది నక్షత్రాలు బంతిలా గుమిగూడిన చోట్లలో) అన్నీ ముసలి నక్షత్రాలే అంటారు. మరి ఎక్స్-రే జంట తారలు అక్కడే అంత ఎక్కువగా ఎందుకున్నాయి?

జవాబు: మంచి మెలిక పట్టారు. పాలపుంత నక్షత్రాల్లో ఈ గుచ్ఛాల వాటా వెయ్యింట ఒక వంతు కూడా లేదు. కానీ న్యూట్రాన్ తార (పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే అతి సాంద్రమైన శేషం) తన చిన్న తోడు నుంచి పదార్థం లాక్కుంటూ ఎక్స్-కిరణాల్లో ధగధగలాడే జంటల్లో దాదాపు పదో వంతు అక్కడే. 1970లో ఎగిరిన ఎక్స్-రే ఉపగ్రహం ఉహురు పుణ్యమా అని 1975కల్లా ఈ తేడా శాస్త్రవేత్తల కంటపడింది.

కారణం రద్దీ. సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమే 4.2 కాంతి సంవత్సరాల దూరం. కిక్కిరిసిన గుచ్ఛం నడిబొడ్డున అంత మేరలో లక్షకు పైగా ఉంటాయి! అక్కడ ఓ న్యూట్రాన్ తార ఏదైనా జంట మధ్యకి దూరిందంటే, సాధారణంగా తేలికపాటిది బయటికి పోతుంది, బరువైన కొత్తది ఆ చోటు ఆక్రమిస్తుంది. అచ్చం సవతి పోరే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట ధనూరాశిలోని ఎన్‌జీసీ 6624 అనే గుచ్ఛంలో ఉంది. అక్కడ న్యూట్రాన్ తార చుట్టూ తెల్ల మరుగుజ్జు తార (సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే శేషం) 11 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది! రెండింటి మధ్య దూరం భూమి-చంద్రుల దూరంలో సగం కూడా లేదు. లాక్కున్న హీలియం న్యూట్రాన్ తార మీద పేరుకుని, ఉండుండి ఒక్కసారిగా అంటుకుంటుంది. కొన్ని సెకన్లలో అంతా అయిపోతుంది.

ఇక ఎం15 అనే మరో గుచ్ఛం సంగతి: అక్కడ చాలాకాలం ఒకటే అనుకున్న ఎక్స్-కిరణాల మూలం నిజానికి రెండని 2001లో చంద్ర అనే ఎక్స్-రే అంతరిక్ష టెలిస్కోపు తేల్చింది.